తంగేటిపాడు వానడబ్బా

నరసరావుపేట
3 అక్టోబరు 1943

వలి అన్నయ్యకు హైమావతి నమస్కారాలు.

నేనెవరో గుర్తుందా? మీ తంగేటిపాడు బళ్లో సైన్సు చెప్పిన శేషావతారం మాస్టారి కూతుర్ని. చిన్నప్పుడు నా జడకు తుమ్మజిగురు అంటించింది నువ్వే. అమ్మ ఆ జడ సగానికి కత్తిరించాల్సి వచ్చింది. కాబట్టి నేనడిగేది కాదనటానికి నీకు వీల్లేదు.

ఇక్కడ ఆడపిల్లల బళ్లో సైన్సు చెబుతున్నాను. సైన్సు గది అని పేరే గానీ అందులో ఉన్నది ఒక త్రాసు, గోడ మీద గుండెకాయ బొమ్మ, మూత పోయిన స్పిరిటు దీపం. యుద్ధం మొదలైనప్పటి నుంచి మద్రాసు నుంచి గాజు సామాను రావటం లేదు. మొన్న ఇన్‌స్పెక్టరు వచ్చి, చేత్తో చేసి చూసే పాఠం ఒక్కటీ లేనప్పుడు ఇది సైన్సు ఎట్లా అవుతుంది, ఈ పిల్లలకు కుట్టుపని పెట్టండి అని రాసిపోయాడు. ఏప్రిల్లోగా ఏదో ఒకటి చూపించాలి. లేకపోతే మా పన్నెండుమంది పిల్లలకు సైన్సు ఉండదు.

అప్పుడు నాన్నగారు వాన కొలిచిన వానడబ్బా గుర్తొచ్చింది. పైన రేకు గరాటు, లోపల సీసా, అంతేగా. నువ్వు ఊళ్లోనే రేకు పని చేస్తున్నావని బస్సు మెకానిక్కు అబ్దుల్ జబ్బార్ చెప్పాడు. నాకు ఆరు డబ్బాలు చేసిపెట్టు. ఆరు ఊళ్లలో పెట్టించి, రోజూ పొద్దున ఎనిమిదింటికి కొలిచి రాయిస్తాను. ఆరోది తంగేటిపాట్లోనే, బడి పక్కన నాన్నగారి పాత రాతిదిమ్మ మీద పెట్టాలి. అది నువ్వు చూడాలి.

గుండ్రంగా కత్తిరించిన కాగితం ఇందులో పెట్టాను. గరాటు మూతి సరిగ్గా అంతే ఉండాలి.

ఇట్లు
హైమావతి


తంగేటిపాడు
21 అక్టోబరు 1943

సైన్సు పంతులమ్మ హైమావతి గారికి, ఆరో క్లాసుతో చదువు ముగించిన రేకుల నాగూర్ వలి సలాములు.

నువ్వు గుర్తులేకపోవటమేంది చెల్లెమ్మా. ముక్కు చీదటం రాక మీ నాయన ఉత్తరీయానికి తుడిచేదానివి. ఆ పిల్ల ఇయ్యాల పేటలో సైన్సు చెప్తందంటే ఇంగిలీసోళ్లు యుద్ధం గెలిచే సంగతి నాకు అనుమానంగానే ఉంది.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మొన్న మునసబు మల్లేశ్వరరావు గారి గొడుగులో రేకుతో తేలు చేసి పెట్టా. విప్పగానే నెత్తిన పడింది. అప్పటి నుంచి ఆయన గొడుగు తెరిచే ముందు దాన్ని నాలుగుసార్లు దులుపుతన్నాడు. నలభై ఏళ్లు దగ్గరపడినా ఈ బుద్ధి పోదా అని మా సాబిరా తిడతంది. ఇది పోతే నా దగ్గర ఇంకేం మిగలదని చెప్పా.

నీ కాగితం అందింది. సాబిరా దాని మీద పచ్చడి గిన్నె పెట్టింది, నూనె కారి పాడయింది. అయినా రేకు ఎక్కడిది తల్లీ. కిరసనాయిలే దొరకటంలా, ఇంక దాని డబ్బాలెక్కడ దొరుకుతయ్. నా మాట విని గాలిమరలు పెట్టుకో. ఇప్పటికి ఒకటి పంపుతన్నా. గాలి ఎటు తిరుగుద్దో చూసి రాయించు, అదీ సైన్సేగా.

ఆ దిమ్మ మాట మాత్రం వదిలెయ్. ఊరోళ్లు పెట్టనివ్వరు. పందొమ్మిది వందల పద్దెనిమిది కరువులో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ శిస్తు మాఫీ అయితే మనకు కాలా. చినుకు పడని రోజున రెండు అంగుళాల నలభై సెంట్ల వాన పడిందని మీ నాయన డబ్బా లెక్క తాలూకా ఆఫీసుకు పోయింది. ఇరవై ఇళ్లోళ్లు ఎడ్లు అమ్ముకుని కృష్ణ దాటి నైజాం వైపు పోయారు. మాస్టారు ఇంట్లో కూర్చుని దొంగలెక్క రాశాడని మిగిలినోళ్లు పిల్లల్ని బడికి పంపటం మానేశారు. ఇయ్యాల్టికీ ఆ దిమ్మ కాడ గేదెను కట్టెయ్యరు.

పోయి ఇన్నేళ్లయినా పొద్దున ఎనిమిదింటికి మాస్టారు అక్కడ వంగి నిలబడి ఉంటాడని మా వీధి కోటమ్మత్త చెప్తది. పంచె ఏం రంగుదత్తా అని ఏడిపించా. తెల్లదే, నీ వైపే చూస్తన్నాడు అంది. ముసలిదిలే, కళ్లు ఆనవు.

నీ అన్న
వలి


నరసరావుపేట
12 నవంబరు 1943

వలి అన్నయ్యకు.

గాలిమర అందింది. పిల్లలు సంబరపడ్డారు. నేను పడలేదు.

నువ్వు రాసిందంతా నాకు తెలుసు. నీకు తెలియనిది నేను చెబుతాను. నాన్నగారి రిజిస్టరు నా దగ్గరే ఉంది. ఆ రోజు అంకె పక్కన సన్నటి అక్షరాలతో, "నేల పొడి. ఆకులు పొడి. కొలిచే గ్లాసులో మాత్రం నీరు ఉన్నది" అని రాసుకున్నారు. ఆఫీసుకు పంపే ఫారంలో అంకెకు గడి ఉంది గానీ ఈ మాటకు గడి లేదు. అంకె పోయింది, మాట ఇంట్లో ఉండిపోయింది.

కనపడింది రాయాలి, కావాల్సింది రాయకూడదు అని మీ అందరికీ చెప్పేవారు కదా. అందుకే రాశారు. తర్వాత అనుమానం తీరక క్లాసులో పిల్లల్ని అడిగారట, రాత్రి వాన పడిందా అని. పడిందన్నారట. నువ్వూ ఆ క్లాసులోనే ఉన్నావుగా, నీకేమైనా గుర్తుందా?

పిల్లలు ఆ మాట అన్నాక ఆయనకు తన కళ్ల మీదే నమ్మకం పోయింది. వాన పడే ఉంటుంది, నేనే ఎరగను అనుకున్నారు. పేటకు వచ్చి పత్తి మిల్లులో గుమాస్తాగా చేరారు. రోజూ లేవగానే నన్ను పిలిచి, నేల తడిగా ఉందేమో చూడమ్మా అనేవారు. పొడిగానే ఉంది నాన్నా అంటే, మళ్లీ ఒకసారి తాకి చూడు అనేవారు. నడి ఎండాకాలంలో కూడా. పదకొండేళ్లు, అన్నయ్యా. ఆయన పోయిన రోజు పొద్దున కూడా వాకిట్లో నేల తాకి వచ్చి చెప్పాను. నమ్మలేదు.

ఇంక రేకు లేదని అనకు. ఖాళీ కిరసనాయిలు డబ్బాలు నాలుగు సంపాదించి జబ్బార్ చేత పంపుతున్నాను. కొత్త కాగితం కూడా పెట్టాను. దీని మీద పచ్చడి పెట్టొద్దని సాబిరా వదినకు చెప్పు.

హైమావతి


తంగేటిపాడు
9 డిసెంబరు 1943

చెల్లెమ్మకు.

ఆలస్యమైంది, ఏమనుకోబాక. పచ్చడి సంగతి అబద్ధం. సాబిరా నీ జాబు విని, నా పేరెందుకు చెప్పావని అన్నం పెట్టకుండా కూర్చోబెట్టింది.

డబ్బాలు ఆరూ చేశా. అతుకులు ఎట్టా ఉన్నాయో చూద్దామని ఒకటి తీసి మా దొడ్లో పెట్టా. నెల రోజుల నుంచి ఇక్కడ మబ్బు తునక లేదు. తెల్లారి చూస్తే సీసా అడుగున నీళ్లు.

సాబిరా పనే అనుకున్నా, ఇన్నేళ్లకి నా మీద పగ తీర్చుకుంటందని. అల్లా మీద ఒట్టేసింది. మర్నాడు చుట్టూ బూడిద చల్లా. బూడిదలో ఒక్క అడుగు పడలా, సీసాలో మాత్రం నీళ్లున్నయ్. మూడో రోజూ అంతే. గరాటు మీద చెయ్యి పెడితే, తప్పు లెక్క చేసినప్పుడు మీ నాయన వచ్చి మెడ మీద వేలు ఆనించేవాడే, అంత చల్లగా ఉంది.

ఊరందరికీ దెయ్యాన్ని చూపించినోణ్ణి, ఇప్పుడు నాకెవరు చూపిస్తన్నారో తెలియటంలా. నవ్వులాటకే కోటమ్మత్తకు చెప్పా. ఆమె నవ్వలా. ఇంత ఊరుండగా నీ దొడ్లోకే ఎందుకొస్తన్నాడు అని అడిగింది.

నువ్వడిగావు, ఆ రోజు క్లాసులో ఏమైందని. నాకు గుర్తులేదు.

వలి


నరసరావుపేట
16 డిసెంబరు 1943

వలి అన్నయ్యకు.

అది మంచు అన్నయ్యా. మంచు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు తెల్లవారేలోగా రేకు బాగా చల్లబడుతుంది. గాలిలో ఉన్న తడి దానికి పట్టి, చుక్కలుగా మారి లోపలికి కారుతుంది. నా మాట నమ్మొద్దు, చేసి చూడు. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి, ఒకదాని పైన కాస్త ఎత్తులో చాప పందిరిలాగా కట్టు. చాప కింద ఉన్నది పొడిగా ఉంటుంది.

నీ జాబు పిల్లలకు చదివి వినిపించాను. మంచుకు భయపడిన మామయ్యను చూడాలంటున్నారు. ఇన్నాళ్లకు దొరికావు.

కానీ రోజూ పొద్దున్నే లేచి డబ్బా చూశావు, బూడిద చల్లి పరీక్ష చేశావు. నాన్నగారు ఉంటే ఎంత పొంగిపోయేవారో. నువ్వు బడి మానేశావని ఆయన చాలా బాధపడ్డారు తెలుసా. ఆ క్లాసు మొత్తంలో ప్రశ్న అడిగేవాడు వలి ఒక్కడే అనేవారు.

ఇన్‌స్పెక్టరు ఫిబ్రవరిలోనే వస్తాడట. డబ్బాలు తొందరగా పంపు.

హైమావతి


తంగేటిపాడు
10 జనవరి 1944

హైమావతికి.

చాప కట్టా. నువ్వు చెప్పినట్టే అయింది. చాప కిందది పొడిగా ఉంది, రెండోదాంట్లో నీళ్లున్నయ్. మంచే.

దెయ్యం కాదని తేలినాక మనిషి నిమ్మళంగా ఉండాలి. నేను లేను. దెయ్యమైతే మీ నాయన వచ్చినట్టు. వస్తే ఆయనకు చెప్పుకునేవాణ్ణి. మంచు అయితే ఇంక ఆయన రాడు. నువ్వొక్కదానివే ఉన్నావు చెప్పుకోటానికి.

ఆ రోజు డబ్బాలో నీళ్లు పోసింది నేను.

అప్పటికి నలభై రోజులై వాన లేదు. మాస్టారు రోజూ ఎనిమిదింటికి వచ్చి, గరాటు తీసి, సీసాలోది గ్లాసులోకి వంచి, ఆ ఖాళీ గ్లాసును వెలుగుకు ఎత్తి పట్టుకుని, సున్నా అని పైకి చదివి రాసుకునేవాడు. ఆయన నడక, ఆయన సున్నా, అన్నీ నేను చేసి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. ఒకరోజు ఎందుకో ఆయన్ని చూస్తే జాలేసింది. పాపం ఒక్క వాన ఇద్దామనుకున్నా. మా అమ్మ నమాజుకు ముందు వజూకి కాళ్లూ చేతులూ కడుక్కునే ఇత్తడి చెంబు ఉండేది. ఆమె లేవకముందే దాన్ని నిండా ముంచుకుపోయి పోసొచ్చా. గోడవతల కూర్చుని చూశా. ఆయన గ్లాసు ఎత్తి చూశాడు. ఆకాశం చూశాడు. వంగి నేల తాకాడు. మళ్లీ గ్లాసు చూశాడు. నేను నోట్లో చొక్కా కుక్కుకున్నా.

క్లాసులో ఆయన అడిగినప్పుడు అందరూ లేదనే తలలు ఊపారు. నేను లేచి, "పడింది సార్, మా ఇల్లు కారింది" అన్నా. నేను లేస్తే ఆట అని అందరికీ తెలుసు. ఒకడి తర్వాత ఒకడు లేచి మా ఇల్లూ కారింది, మా ఇల్లూ కారింది అన్నారు. "కూర్చో నాయనా" అన్నాడు. అంతే అన్నాడు.

ఇంటికి పోయేటప్పుడు చెబుదామనుకున్నా. అప్పటికే లెక్క పోస్టులో పోయింది. ఊళ్లోకి మాఫీ రాలేదని కబురు వచ్చినాక, చెబితే చంపుతారని భయమేసింది. ఆయనకు ఎదురుపడాల్సి వస్తదని బడి మానేశా. అప్పటి నుంచి నవ్విస్తానే ఉన్నా, ఎవరూ నన్ను ఏమీ అడక్కుండా.

పదకొండేళ్లు నీ చేత నేల తాకించింది నేను.

ఐదు డబ్బాలు జబ్బార్‌కి ఇచ్చి పంపుతన్నా. ఆరోది ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

నాగూర్ వలి


నరసరావుపేట
14 మార్చి 1944

నాగూర్ వలి గారికి.

ఐదు డబ్బాలు చేరాయి. మీ జాబూ చేరింది. రెండు నెలలు దాన్ని మళ్లీ తెరవలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చి డబ్బాలు చూశాడు. రేకు వస్తువులు చూపిస్తే సరిపోదు, ఆరు ఊళ్ల లెక్క జూన్ ఆఖరుకల్లా నా బల్ల మీద ఉండాలి, అప్పుడు క్లాసు సంగతి చెబుతానన్నాడు. ఐదు ఊళ్లలో పెట్టించాను.

మీరు రాసింది నిజమని నమ్మటానికి నా దగ్గర ఆధారం లేదు. మీరు ఎవరికైనా ఏదైనా చెబుతారు. నాన్నగారి గురించి చదివి నన్ను ఓదార్చటానికి కట్టిన కథ కూడా కావచ్చు. జబ్బార్ చేత నాన్నగారి కొలత గ్లాసు పంపుతున్నాను. ఒకసారికి అర అంగుళం, అంటే యాభై సెంట్లు పడుతుంది. ఆ చెంబు ఇంకా ఉంటే, నిండా నీళ్లు డబ్బాలో పోసి, ఈ గ్లాసుతో కొలిచి, కనపడింది రాయండి. ఇంకేమీ రాయవద్దు.

హైమావతి


తంగేటిపాడు
20 మార్చి 1944

హైమావతి గారికి.

చెంబు ఉంది. అమ్మ పోయాక సాబిరా వాడుతంది.

గ్లాసు నాలుగుసార్లు నిండింది. ఐదోసారి ముప్పై ఎనిమిదో గీత కాడ ఆగింది. మొత్తం రెండు అంగుళాల ముప్పై ఎనిమిది సెంట్లు. మూడుసార్లు చేశా. మూడుసార్లూ అంతే.

చెంబుకు ఒక పక్క సొట్ట ఉంది. ఎప్పుడు పడిందో తెలియదు.

వలి


నరసరావుపేట
2 ఏప్రిల్ 1944

వలి అన్నయ్యకు.

నాన్నగారి అంకెకు సరిపోయేట్టు నలభై అని రాసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

రిజిస్టరులో నాన్నగారి అంకె కొట్టెయ్యలేదు. ఆయన చూసింది ఆయన రాశారు. దాని కింద నేను రాశాను: ఇది వాన కాదు. చెంబుతో పోసిన నీళ్లు. పోసినవారు తంగేటిపాడు నాగూర్ వలి. అదే చెంబుతో 1944 మార్చిలో మళ్లీ పోసి కొలవగా రెండు అంగుళాల ముప్పై ఎనిమిది సెంట్లు.

సిరా ఆరాక వాకిట్లోకి పోయి నేల తాకాను. పొడిగానే ఉంది నాన్నా అన్నాను. పైకే అన్నట్టున్నాను, పక్కింటి బసవమ్మగారు తలుపు తీసి చూసింది. మళ్లీ తాకి చూడమని ఎవరూ అనలేదు. ఆ మాట కోసం చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

క్షమించమని నువ్వు అడగలేదు. నేనూ క్షమించానని రాయను. నాలో నేను వెతికి చూశాను, ఇప్పటికి కనపడలేదు. కనపడనిది రాయలేను.

ఆరో డబ్బా ఆ దిమ్మ మీదే పెట్టాలి. ఎందుకు పెడుతున్నావో ఊరందరికీ చెప్పి పెట్టాలి. జరిగింది మొత్తం చెప్పి. పెట్టనివ్వకపోతే ఆరో ఊరి గడిలో ఆ సంగతే రాసి పంపుతాను. మా పిల్లల క్లాసు ఏమవుతుందో అవుతుంది.

హైమావతి


తంగేటిపాడు
30 ఏప్రిల్ 1944

హైమావతికి.

చెప్పా.

చావిడి కాడ పెద్దోళ్లంతా కూర్చున్నప్పుడు పోయి, నిలబడి, మొదటి నుంచి చెప్పా. చెంబు కాడికి రాకముందే నవ్వు మొదలైంది. బాగా కట్టావురా వలీ అని మునసబు గారు కళ్లు తుడుచుకుంటన్నాడు. ఇది నిజమండీ అన్నా. ఇంకా నవ్వారు. అమ్మ మీద ఒట్టేశా. దానికీ నవ్వారు. ఇన్నేళ్లూ నేనేం చెప్పినా నవ్వారు, ఇప్పుడు మాత్రం ఎందుకు మానతారు. అక్కడే నేల మీద కూర్చుని చేతులు జోడించా. ఏం నటిస్తన్నాడో చూడమని ఒకడు ఇంకొకడికి చూపించాడు.

కోటమ్మత్త అరుగు చివర కూర్చుని ఉంది. ఆమె పెనిమిటి బక్కయ్య, కొడుకు పిచ్చియ్య ఆ కరువులోనే కృష్ణ దాటి పోయారు, తిరిగి రాలా. పిచ్చియ్య నా పక్కన కూర్చునేవాడు బళ్లో. ఆమె కర్ర పట్టుకుని నా కాడికి వచ్చింది.

"మా ఇల్లు కారిందని మొదట లేచింది నువ్వేనా?"

నేనే అత్తా అన్నా.

"మావోడు రెండోవాడు. ఇంటికొచ్చి చెప్పి పొర్లిపొర్లి నవ్వాడు. వాణ్ణి రెండు పీకి, నోరు మూసుకోమన్నా. మాస్టారింటికి పోయి చెప్పొద్దామని బయల్దేరి, ఎందుకొచ్చిన గొడవలే అని సగం దారిలో వెనక్కొచ్చా."

ఎవరూ నవ్వలా. మునసబు గారు గొడుగు కింద పెట్టాడు. ఆయన తమ్ముడి సంసారమూ ఆ ఏడే పోయింది. నన్ను కొడతారనుకున్నా. కొడితే బాగుండేది. ఒక్కొక్కళ్లే లేచి ఇంటికి పోయారు. నా వైపు చూడలా. ఈ పది రోజుల్లో బిందెకు మాటు వెయ్యమని కూడా ఎవరూ నా గడప తొక్కలా. సాబిరా నాతో మాట్లాడుద్ది గానీ మొహం చూడదు.

ఆఖరికి మేమిద్దరమే మిగిలాం. పెట్టుకో డబ్బా అంది కోటమ్మత్త. కానీ నువ్వొక్కడివే చూడటానికి వీల్లేదు, పక్కన నేనుంటానంది. నీకు కళ్లు ఆనవు గదత్తా, ఏం చూస్తావన్నా. వేలుందిగా అంది.

మర్నాడే దిమ్మ కడిగి డబ్బా పెట్టా. రోజూ ఎనిమిదింటికి ఇద్దరం పోతన్నాం. నేను సీసా తీసి గ్లాసులోకి వంచుతా. ఆమె గ్లాసులో వేలు పెట్టి అడుగంతా తడుముద్ది, ఆ వేలు చెంపకు ఆనించుకుని చూసుకుంటది. అప్పుడు గానీ నన్ను కలం తియ్యనివ్వదు. మాస్టారు ఇంకా నిలబడుతున్నాడా అత్తా అని నిన్న అడిగా. నువ్వు పక్కకు జరుగు, ఆయనకు కనపడదు అంది. జరిగా.

పది రోజుల లెక్క వేరే కాగితం మీద రాసి పెట్టా. అన్నీ సున్నాలే. ఇయ్యాల కూడా ఆమె వేలు పొడిగానే వచ్చింది. ఏమీ లేదుగా, ఇంక రాసేదేముంది అని అడిగింది. లేదనే రాయాలత్తా అన్నా. కర్ర మీద గడ్డం ఆనించింది.

"అయితే రాయి. రాసిందాకా ఉంటా" అంది.

నాగూర్ వలి